మరక

గురువారం రాత్రి షార్జాలో, రోల్లా సందులో
అద్దెకారెక్కిన వాళ్ళం నలుగురం.
అరగంటకో గడి గీసుకున్న మంగుళూరు పిల్ల షెర్లిన్.
బెల్టు పెట్టుకోగానే నిద్రపోయే సూడాన్ ముతసిమ్,
నిద్రలోనే పెట్రోలు వాటా ఎగ్గొట్టగలడు.
నిజ్వా కోట బురుజు గీసుకు రమ్మన్న
రెండో ఏడాది ఆర్కిటెక్చర్ అసైన్‌మెంటుతో నేను.
స్టీరింగ్ దగ్గర గంగనర్సన్న.
నాన్న కంపెనీలో ఏసీలు బాగుచేస్తాడు,
లైసెన్సున్నది ఆయనొక్కడికే.
"పిల్లలొక్కలే ఎట్ల పోతరు సార్" అని
తనే బయల్దేరాడన్నాడు నాన్న.
నాన్నే బయల్దేరదీశాడని అందరికీ తెలుసు.

ఆయన తెలుగు నాకు సగమే అందుతుంది.
ఇక్కడే పుట్టాను. మా ఇంట్లో కాకినాడ మాట్లాడతాం,
అదీ టీవీ ఆపినప్పుడు.
నా తెలుగు వింటే ఆయనకి
చెప్పకేం, నవ్వొస్తుంది.

సరిహద్దులో అధికారి
నాలుగు పాస్‌పోర్టులూ పేకముక్కల్లా పరిచి
"మీరు ఒకరికొకరు ఏమవుతారు?" అన్నాడు.
అరబ్బీ వచ్చినవాడు నిద్రలో ఉన్నాడు.
బళ్ళో నేర్చిన ముక్కల్లో నేనే వెతికాను.
చుట్టాలం కాదు. స్నేహితులమందామంటే
ఏసీ ఎక్కువా తక్కువా అని
వెనకసీట్లో వాళ్ళకి అప్పటికే మాటల్లేవు.
"కారు ఒకటే" అన్నాను.
నవ్వి ముద్ర కొట్టాడు.

శుక్రవారం పొద్దున, నిజ్వా మేకల సంత.
షెర్లిన్ పట్టికలో దీనికి ఇరవై నిమిషాలు.
రెండు వరసల మనుషుల మధ్య సందులో
మేకల్ని లాక్కుంటూ, ధర అరుస్తూ,
గుండ్రంగా గానుగెద్దుల్లా తిరుగుతున్నారు అమ్మేవాళ్ళు.
అరుగు మీద కూర్చుని నేను బురుజు గీస్తున్నాను.

తలెత్తితే, ముందువరసలో గంగనర్సన్న.
దిష్‌దాషా ముసలాయన పక్కన గొంతుక్కూర్చుని
ఒక మేక పెదవెత్తి పళ్ళు చూస్తున్నాడు.
ముసలాయన నాలుగు వేళ్ళు చూపాడు.
ఈయన రెండు.
బావిలో చెంబు పడేసుకున్నవాళ్ళలా
ఇద్దరూ మళ్ళీ దాని నోట్లోకి వంగారు.
రెండే.
తర్వాత నడుము నిమిరాడు, గిట్ట ఎత్తాడు, చెవి వెనక గోకాడు.
తొమ్మిదేళ్ళుగా మా ఇంటికొస్తున్న మనిషి
ఇంత మాట్లాడగా నేను చూడలేదు.
ఒక్క మాటా లేకుండా.

"బిడ్డా, ఇగ సూడు, మరక!"
దాని ఒళ్ళంతా వెతికాను. మంచి తెలుపు.
"ఎక్కడ మరక?"
"గిదే మరక. తోక దాక మరకనే."
ఇంకా ఈనని ఆడమేకని మరక అంటారని
పందొమ్మిదేళ్ళకి, ఒమాన్‌లో, తెలిసింది.

"మా నాయినకు నలభై ఉండె."
"ఏమయ్యాయి?"
"వీసా అయినై."
అని దాని చెవిలోంచి పిడుదు ఒకటి లాగి
గోటి మీద నలిపాడు.

ముతసిమ్ ఎప్పుడు లేచాడో,
కళ్ళు నులుముకుంటూ వచ్చి బేరంలో దూరాడు.
ఎనభై అయిదు రియాల్లు డెబ్బయికి దించాడు.
ముక్కుకి అడ్డం పెట్టిన స్కార్ఫు తీసేసి
దిర్హాముల్లో ఎంతో, రూపాయల్లో ఎంతో
అడక్కుండానే చెప్పింది షెర్లిన్.
దాని ఒళ్ళూ కాళ్ళూ కొలిచి,
డిక్కీలో పడుతుందని నేనూ అన్నాను.
కొననే కొనని మేకకోసం
గంటన్నర సేపు నలుగురం ఒక గొంతై కొట్లాడాం.

అరవై ఎనిమిది దగ్గర ముసలాయన సరే అన్నాడు.
అప్పుడు ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.
గంగనర్సన్న లేచి ప్యాంటు దులుపుకున్నాడు.
ముసలాయన తిట్టలేదు.
ఖర్జూరాలు చేతిలో పోసి, తాడు అందుకుని
మళ్ళీ గుండ్రంలో కలిసిపోయాడు.

ఆ సందట్లో ఎప్పుడు నాకిందో నా కాయితం,
బురుజు పైభాగం పచ్చగా అలుక్కుపోయింది.

తిరుగుదారిలో బహ్లా దాటకముందే
పెట్రోలు లెక్కమీద మళ్ళీ రచ్చ.
ముతసిమ్ నిద్రపోయాడు.

మా మాస్టారు ఎర్రసిరాతో సున్నా చుట్టి
ఈ మరకేమిటని అడిగాడు, ఇంగ్లీషులో.
రెండు పళ్ళది, ఇంకా ఈనలేదు
అని రాద్దామనుకుని
తడిసిందండీ అని రాశాను.